కురుమూర్తి సారు గీసిన మంద

మా బడి డ్రాయింగు మాస్టరు కురుమూర్తి ఇక లేరన్న వార్త మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి పిల్లలకు పద్యం చెబుతున్నాను. కామెర్లు ముదిరి, ఆ ఉదయమే దవాఖానలో ప్రాణం పోయిందట. నలభై ఏళ్లయినా నిండని మనిషి! మూడో పాదం దగ్గర ఆగిపోయాను. ఏళ్ల తరబడి చెబుతున్న పద్యమే, నాలుగో పాదం ఎంతకూ గుర్తుకు రాలేదు. నిజం చెప్పాలంటే, దుఃఖం కంటే ముందు నన్ను పట్టుకున్నది భయం. క్షమించమని అడగడానికి ఇక మనిషి లేడు.

కురుమూర్తి మక్తల్ దగ్గరి ఒక పల్లెలో గొర్ల మందల మధ్య పుట్టి పెరిగినవాడు. హైదరాబాదులో చిత్రకళ అభ్యసించాడు. నవ్యచిత్రకళకు కొత్త దారి వేసినవాడని నగరంలోని రసజ్ఞులు ఆయన్ని కొనియాడేవారు. మాకు మాత్రం ఆయన పిల్లల చేత మామిడికాయ గీయించడానికి వచ్చిన ఉద్యోగి. అంతకు మించి తెలుసుకోవాలన్న కోరిక మాకెవరికీ కలగలేదు. సంస్కృత కావ్యాల్లో చెప్పకనే చెప్పే ధ్వనిని గురించి గంటలకొద్దీ ఉపన్యసించే నాకు కూడా.

ఒకసారి ఊరి పెద్దపటేలు, చనిపోయిన తన తండ్రి బొమ్మ గీసిమ్మని అడిగాడు. కురుమూర్తి నెలరోజులు ఆ ఇంటికి వెళ్లి వచ్చాడు. చివరికి ఇచ్చిన చిత్రంలో ముసలాయన లేడు. కొయ్యకు తగిలించిన తలరుమాలు, దాని కింద గోడకు ఆయన తల ఆనించి ఆనించి పడిన నూనె మరక, అంతే. పటేలు మండిపడి దాన్ని బయట పడేయించాడు. పటేలు తల్లి దాన్ని మళ్లీ లోపలికి తెప్పించి తన గదిలో పెట్టుకుంది. ఈ కథ చెప్పి నేను స్టాఫ్ గదిలో అందరినీ నవ్వించాను. కురుమూర్తి కూడా నవ్వాడు. తర్వాత నాతో ఒక్కటే అన్నాడు.

"ఉన్నదాన్ని అందరు జూస్తరు సారూ. పోయినదాని జాగ గూడ ఎవరన్న జూడాలె గద."

ఆ మాట అప్పుడు విన్నాను. చెవికెక్కించుకోలేదు.

ఆ మరుసటి ఏడు బడి హాలు గోడ మీద ఆయన పెద్ద చిత్రం వేశాడు. తెల్లటి సున్నపు గోడ. దాని మీద ఎర్రని జాజుమట్టితో గుర్తులు. ఒకచోట అడ్డగీత, ఒకచోట రెండు చుక్కలు, ఒకచోట అరచేతి ముద్ర. ఎవరి గొర్రెలు ఏవో, వాటిలో ఏది ఏదో తెలియడానికి గొల్లకురుమలు గొర్ల వీపుల మీద పెట్టుకునే గుర్తులవి. ఏమిటని అడిగితే మంద అన్నాడు. గొర్రెలేవంటే చిరునవ్వు నవ్వాడు.

ఆ రోజుల్లోనే ప్రధానోపాధ్యాయుడు సెలవులో ఉండి, బడి బాధ్యత నా మీద పడింది. జిల్లా నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు. ఎర్రమరకలు పూసిన గోడ చూసి ఆయన ఏమనుకుంటాడో అని నాకు నిద్ర పట్టలేదు. కురుమూర్తి చుట్టాల మందకు ఉన్ని కత్తిరించే పనికని ఊరికి వెళ్లాడు. నేను బోర్డులు రాసే సాయిలును పిలిపించి, ఆ గుర్తుల చుట్టూ నల్లరంగుతో గొర్రెలు గీసిపెట్టమన్నాను. తలలు, కాళ్లు, తోకలు. గీసినవి కుక్కల్లా ఉన్నాయనిపించి కొమ్ములు కూడా పెట్టించాను. అధికారి చూసి భేష్ అన్నాడు. మిత్రుడి అసంపూర్ణ చిత్రాన్ని పూర్తి చేయించి, వాడి పరువు కాపాడానని గర్వపడ్డాను కూడా!

కురుమూర్తి తిరిగివచ్చి ఆ గోడ వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

"గవి రోగమొచ్చి సచ్చిన గొర్లు సారూ. మా నాయిన మంద మొత్తం పోయింది. లేవు గనకనే గియ్యలే."

అని క్లాసుకు వెళ్లిపోయాడు. మళ్లీ ఏ గోడ మీదా కుంచె పెట్టలేదు. నాతో మర్యాదగానే మసిలాడు. ఆ మర్యాదను నేను క్షమ అనుకుని, అడగవలసిన మాట రోజూ రేపటికి వాయిదా వేశాను.

ఆయన పోయిన పదోరోజున వాళ్ల ఊరికి వెళ్లాను. తండ్రి బీరయ్య గొంగడి పరిచి కూర్చోబెట్టాడు. కొడుకు గురించి ఏవేవో చెప్పి, ఉన్నట్టుండి అడిగాడు.

"మీ బడి గోడకు మా మంద ఏసిన అన్నడు సారూ. సూపిస్త రమ్మన్నడు. మల్ల ఎప్పుడడిగినా గోడ ఇంక ఆరలే నాయినా అంటుండె. గిప్పుడన్న ఆరిందా?"

నా తప్పును తండ్రికి కూడా చెప్పకుండా అన్నేళ్లు ఆ గోడను పచ్చిగానే ఉంచాడు కురుమూర్తి. నేను ఆ గొంగడి మీదే ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. ముసలాయన తిట్టలేదు. జాజు గుర్తుల మీదికి నలుపు ఎక్కలేదు కదా అని మాత్రం అడిగి, ఎక్కలేదంటే, వస్తానన్నాడు.

మర్నాడు వచ్చాడు. హాల్లో ఏడో తరగతి పిల్లలు బొమ్మలు గీస్తున్నారు. మీ ఇల్లు గీయండంటే ఒక అమ్మాయి పొయ్యి గీయకుండా గోడకెక్కిన పొగ మాత్రమే గీసింది. ఆ చూపు కురుమూర్తి పెట్టిన భిక్ష. ఆయన వదిలివెళ్లిన ఆస్తి నగరంలోని చిత్రశాలల్లో కంటే ఆ పలకల మీదే ఎక్కువ ఉంది. నాకా చూపు రావడానికి ఆయన చనిపోవలసి వచ్చింది.

బీరయ్య గోడకు దగ్గరగా నడిచాడు. నల్లగీతల వైపు చూడనేలేదు. ఒక్కొక్క గుర్తు మీదా అరచెయ్యి ఆనించి, ఇది బొల్లిది, ఇది కుంటిది, ఇది ఈనే వేళకు పోయింది అని పేరుపేరునా పలకరించాడు. పండితులమైన మేమెవరమూ చదవలేకపోయిన చిత్రాన్ని, అక్షరం రాని ఆ తండ్రి తడబడకుండా చదువుకుంటూ పోయాడు. చివరి గుర్తు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. మొదటిసారి తలెత్తి సాయిలు గీసిన తల వైపు చూశాడు. తర్వాత నావైపు తిరిగి, తప్పు పట్టినట్టు కాక, తెలియనివాడికి చెప్పినట్టు అన్నాడు.

"ఇది ఆడిది సారూ. దీనికి కొమ్ములు లేకుండె."

నల్లరంగు గీకితే జాజు కూడా రాలిపోతుంది. ప్రయత్నించి చూశాను, అరచేతి ముద్ర అంచు కొంచెం ఊడింది, మానేశాను. ఆ గోడను మళ్లీ అలా వేయగల చెయ్యి ఈ తాలూకాలో లేదు, ఇక రాదు. కురుమూర్తీ, ఆ కొమ్ములు నేను పెట్టించినవే. రోజూ ఆ హాల్లోనే పాఠం చెబుతున్నాను. ముందు నీ గోడకు నమస్కరించి, ఆ తర్వాతే పుస్తకం తెరుస్తున్నాను.