గంగారాం బనీను మీద పసుపు ముద్ర

నా పేరు నర్సవ్వ. వయసు డెబ్బై మూడు. వర్ని దగ్గర పల్లెలో కొడుకు, కోడలు, మనవరాలు శ్రావణితో ఉంటాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే శ్రావణి ఫోనులో కొడుతోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా చిన్నప్పుడు... ఆదివారం వచ్చిందంటే కాలువ పక్క ఇసుకలో కబడ్డీ. నిజామాబాద్‌లో కాలేజీ చదివే మా అన్న సాయన్న, అతని దోస్తు గంగారాం శనివారం బస్సుకు ఊళ్లో దిగేవాళ్లు. కూతకు పోవడంలో ఇద్దరికీ పేరు. ఎవరు గొప్ప అని చెరుకు బండ్ల మీద కూడా కొట్లాటలే...

గంగారాం కూతకు పోతే అడుగుల చప్పుడు వినబడేది కాదు. కళ్లు ఎడమకు, కాళ్లు కుడికి. తాకేవాడు, నవ్వేవాడు, గీత దాటేవాడు.

మా అన్న తీరు వేరు. నేరుగా లోపలికి పోయి తాకేవాడు. ముగ్గురు మీద పడేవాళ్లు. బురదలో దిగబడ్డ చెరుకు బండిని లాగినట్టు ముగ్గురినీ గీత దాకా లాక్కొచ్చేవాడు. అంతసేపూ కూత తెగేది కాదు.

మొన్న ఎవరో ఫోనులో పెట్టిన రాత శ్రావణి చదివి వినిపించింది. 'గంగారాం ఒంటి మీద ఒక్క చెయ్యి పడలేదు' అట. మా అన్నది 'ఎద్దు బలం, ఆట తక్కువ' అట! రాసినాయన దూరం నుంచి చూశాడేమో. నేను ఆ ఇద్దరి బనీన్లూ దగ్గర నుంచి చూసినదాన్ని.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. మా అన్న బనీను ప్రతి వారం భుజాల దగ్గరా మెడ దగ్గరా చినిగి వచ్చేది. సూదీ దారమూ పట్టుకొని అరుగు మీద కూర్చుని కుట్టేదాన్ని. గంగారాంకు ఉన్నది ఒక్కటే బనీను. తండ్రి లేడు, తల్లి చెరుకు కొట్టడానికి పోయేది. ఆ ఒక్కటీ ఉతికి ఉతికి ఉల్లిపొరలా అయింది గానీ ఎక్కడా చినగలేదు.

“నా సూదికి నీతోని పనే లేదన్నా,” అనేదాన్ని.

“చెయ్యి తగిలితే గద చెల్లె, సినిగేది!” అని మురిసేవాడు.

ఆ ఏడు కాలేజీ జట్టు హైదరాబాద్ పోవాలి. ఒక్క చోటు మిగిలింది. ఇద్దరూ చెరో పక్క నిలబడి ఆడాలని, గెలిచినవాడే వస్తాడని సారు అన్నాడట. అంతకుముందు ఆదివారమే మా అన్న చేతి బొటనవేలు చెరుకు కత్తికి తెగింది. అవ్వ పసుపు అద్ది గుడ్డ కట్టి పంపింది.

శనివారం ఇద్దరూ బస్సు దిగారు. గంగారాం గెలిచాడు. మా అన్న అతని భుజం మీద చెయ్యేసుకునే వచ్చాడు. నాకే కడుపు మండింది...

మరునాడు గంగారాం బనీను తెచ్చి నా ముందు పెట్టాడు. నడుము దగ్గర జానెడు చినుగు.

“గిదేందన్నా? నిన్నెవరు పట్టిండ్రు?”

“ఎవరు పట్టలే. కంప తట్టింది,” అన్నాడు, నా మొహం చూడకుండా.

కంపకు చినిగితే పోగులు లేస్తాయి. ఇది ముద్దగా పట్టి గుంజిన చినుగు. దగ్గరకు పెట్టుకొని చూశాను... పక్కనే పసుపు. బొటనవేలి ముద్ర.

ఎడ్లకు చెరుకు ఆకు వేస్తున్న మా అన్న దగ్గరికి ఉరికాను.

“గంగారామన్న నీకు దొరికిండా, లేదా?”

అన్న చేతిలోని ఆకు కింద పెట్టాడు. “దొరికిండే. నడుము గట్టిగనే పట్టిన. బనీను గూడ పిడికిట్ల వడ్డది. పర్రుమన్నది... వానికి గదొక్కటే గద. ఇడిసిన.”

“సినిగితే నేను కుట్టకపోదునా? నా సూది ఏడికి వోయింది?” అని ఏడుస్తూ గుద్దాను.

నవ్వాడు. “గప్పుడు నీ సూది యాదికి రాలేదే. ఎవ్వరికి చెప్పకు. నా మీద ఒట్టు.”

ఆ బనీను కుట్టి ఇచ్చాను. ఎంత ఉతికినా పసుపు పోలేదు. దాన్నే తొడుక్కొని గంగారాం హైదరాబాద్ పోయాడు.

అరవై ఏళ్లు నోరు కట్టుకున్నాను. అన్న పోయి రెండేళ్లయింది. పోయినవాణ్ణి ఎద్దు అంటుంటే, ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

అయినా చాటుగా రాయించే మనిషిని కాను. బోధన్‌లో ఉన్న గంగారాం ఇంటికే పోయాను.

“అన్నా, నీ పేరు తగ్గుతది. అయినా నేను రాయిస్త.”

ఎనభై దాటిన మనిషి... నడుము దగ్గర చొక్కా తడుముకున్నాడు.

“నేను జారిపోలే చెల్లె. వాడే ఇడిసిండు. గీత దాటి ఎనుకకు మర్రి చూస్తే, పిడికిలి తెరుచుకొని నిలవడ్డడు. కంప తట్టిందని నీకు చెప్పిన నాడు మొదలువెట్టిన అబద్ధం, ఇడువనే లేకపోయిన.” చొక్కా మీంచి చెయ్యి తీశాడు. “రాయించు. సాక్షి ఎవరని అడుగుతరు గద... నన్ను పెట్టు.”

గంగారాం ఆట తక్కువని నేననను. అంత తేలిక కాళ్లు మళ్లీ చూడలేదు. కానీ ఇద్దరిలో ఎవరు గొప్పంటే, మా అన్నే. ఇది నా మాట.

ఇప్పుడు టీవీలో ఒక్కో పట్టునూ పది దిక్కుల నుంచి మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు. రంగురంగుల బనీన్లు, చినిగితే ఇంకోటి... ఆనాడు మా అన్న పిడికిలి విప్పింది గంగారాం ఒక్కడే చూశాడు. మీ ఊళ్లలోనూ అట్లా చేతికి దొరికింది వదిలేసినవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు కింద రాయండి. శ్రావణి చదివి వినిపిస్తుంది.

కాగితం మీద వేలిముద్ర వేశాను, ఫోటో కింద ఉంది.

నర్సవ్వ వేలిముద్ర

సాక్షులు:
గంగారాం, బోధన్ (సంతకం)
శ్రావణి, మనవరాలు