అసిరయ్య గీకని తుప్పు

నౌపడలో కార్లకు స్పీకర్లు బిగించే అసిరయ్య ఓసారి చచ్చినవాడి చేత పాట పాడించాడు. సరే, చిన్నప్పుడు నాకు చదువు చెప్పిన కాన్వెంటు సిస్టర్లు ఈ అతిశయోక్తి వింటే ఇప్పటికీ బెత్తం తీస్తారు గనుక, పాట కాదు, కూనిరాగం అని సరిదిద్దుకుంటాను.

సముద్రంలో పోయిన మొగుడి చేపల వ్యాన్‌ని అమ్మేద్దామనుకుంది లక్ష్మణమ్మ. స్పీకర్లలో గుయ్యిమనే మోత పోగొట్టమని అసిరయ్య దగ్గరికి తెచ్చింది. ఐసుపెట్టెల ఉప్పునీళ్లు కారి, ఆంప్లిఫయర్ ఎర్త్ తీగ బిగించిన చోట రేకు తుప్పు పట్టింది. అసిరయ్య ముందు బ్యాటరీ తీగ విప్పాడు. అయినా మోత ఆగలేదు. మెల్లగా అది వల లాగేవాళ్ల కూనిరాగమైంది. మధ్యలో ఓ దగ్గు.

"ఆడే! ఆడి దగ్గే!" అంది లక్ష్మణమ్మ.

అసిరయ్య గరుకు కాగితం అందుకున్నాడు.

"ఒరే, ఆ తుప్పు గీకీకురా! నాకింకేటి మిగిలినాది?"

"గీకకుండా బ్యాటరీ తగిలిస్తే బండి అంటుకుంటాది అప్పా."

"తగిలించొద్దు. బండి నాను అమ్మను."

అతను కాగితం జేబులో పెట్టుకున్నాడు. వ్యాన్‌ని ఇంటిదాకా తోసుకుపోయారు. ఆ మోత దారంతా వినిపించిందట.

నేనడిగితే అసిరయ్య కస్సుమన్నాడు. "ఏటి తాతా, మతి పోయిందేటి నీకు? బ్యాటరీ నేకుండా స్పీకరు పలకడమేటి? ఆ బండి నా కాడికి రానే నేదు!"