మూడో ఫ్యాన్ దగ్గర సున్నా

నేను బడి గడప తొక్కలేదు. చిన్నప్పుడు ఒంట్లో బాగుండేది కాదు, అందుకే అమ్మ ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది. మా ఊరి కౌల్ బజార్ సందులో నాన్నకు మోటార్లకు వైండింగ్ చేసే అంగడి ఉండేది. మోటారు వేడి చూడాలంటే అరచెయ్యి కాదు, చెయ్యి వెనకవైపు ఆనించాలని ఆయన నేర్పాడు. ఆ ఇద్దరినే గురువులుగా ఇచ్చినందుకు ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు దేవుడికి దండం పెట్టుకుంటాను. కంప్యూటర్ పని తర్వాత నా అంతట నేనే, ఆ ఇంట్లోనే కూర్చుని నేర్చుకున్నాను.

సిరుగుప్ప దగ్గర ఒక బియ్యం మిల్లులో సర్వర్ పెట్టింది నేనే. కాటా తూకం, బస్తాల లెక్క, బిల్లులు అన్నీ దాంట్లోనే. అందులో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వేశాను. లోపల ఏముందో మనమే విప్పి చూసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మిల్లు యజమానిది తాతల నాడే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడిన కుటుంబం. నా మాట నమ్మి, అంతకుముందున్న కంపెనీ వాళ్లను మాన్పించి సరేనన్నాడు.

మొదటి ఎండాకాలంలోనే సర్వర్ మధ్యాహ్నం పూట దానంతటదే ఆగిపోవడం మొదలైంది. ఆగినప్పుడల్లా కాటా దగ్గర లారీలు బారు తీరేవి. నాకు కబురు వస్తే వెళ్లాను.

“చూడమ్మా, ఇంకొక్కసారి ఆగిందంటే ఈ పెట్టె తీయించేసి పాత కంపెనీ వాళ్లనే పిలుస్తాను. ఏమీ అనుకోకు,” అన్నాడు యజమాని.

సెన్సార్లను వెతికే ప్రోగ్రామ్ నడిపి చూశాను. ప్రాసెసర్ వేడి ఒక్కటే కనిపించింది, అది పైపైకి పోతోంది. ఫ్యాన్ల ఊసే లేదు. వాటి వేగం కొలిచే చిప్పు బోర్డు మీద ఉంది కానీ దాన్ని చదివే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఎక్కలేదు. ఏ డ్రైవర్ ఎక్కించాలో వెతుకుతూ పోతే, ఏ దేశం మనిషో ఇదే బోర్డుతో అవస్థపడి, చివరికి దారి దొరికాక అదంతా నలుగురికీ పనికొస్తుందని ఇంటర్నెట్‌లో రాసి పెట్టాడు. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివాను. ముఖం తెలియని ఆ మనిషి చల్లగా ఉండాలని మనసారా కోరుకున్నాను.

ఆయన చెప్పిన డ్రైవర్ ఎక్కించాను. తెర మీద మూడు ఫ్యాన్లకు మూడు వరుసలు వచ్చాయి. రెండింటి పక్కన వేలల్లో అంకెలు. మూడోదాని పక్కన సున్నా.

కాటా గుమాస్తా నా వెనక నుంచి తొంగి చూశాడు. “అదేందక్కా, మూడోది మధ్యాన్నం కునుకు తీస్తాండాదా?”

“ఫ్యాన్ల శబ్దం వినపడుతూనే ఉందిగా,” అన్నాడు యజమాని. “నీ సెన్సారే తప్పు చెబుతోందేమో.”

శబ్దం మిగతా రెండింటిది కావచ్చు. లేదా ఆయన అన్నట్టు సెన్సారే తప్పు కావచ్చు. తేల్చుకోవాలంటే సర్వర్ ఆపి విప్పాలి. బయట లారీలు నిలబడి ఉన్నాయి.

“సావుకారూ, ఒక్క గడియ ఆపి చూస్తా.”

“నువ్వు ఆపినా ఆగినట్టే లెక్క,” అన్నాడు. నవ్వుతున్నాడో లేదో ఆ మీసాల్లో తెలియలేదు.

అమ్మవారిని తలుచుకుని ఆపాను. మూత తీశాను. మూడో ఫ్యాన్ ఇరుసుకు పసుపు దారం బిర్రుగా చుట్టుకుని ఉంది. రెక్కల సందున ఎండిన బంతిపూల రేకలు.

ఆయుధపూజ నాడు మిల్లులో తిరిగే ప్రతిదానికీ కుంకుమ పెట్టి, పూలు చుట్టి, పసుపు దారం కడతారు. సర్వర్ వెనక ఫ్యాన్ జాలీకీ కట్టారు. ఆ దారాన్ని ఫ్యాన్ లోపలికి లాగేసుకుంది. చలికాలం మిగతా రెండు ఫ్యాన్లూ ఎలాగో నెట్టుకొచ్చాయి, ఎండలు రాగానే చేతులెత్తేశాయి.

గుమాస్తా నాలుక కరుచుకున్నాడు. “నేనే కట్టినానక్కా. అన్నిటికీ కట్టి దీన్నొకదాన్నే యాల ఇడిసిపెట్టేది అని...”

“నీ భక్తికి ఫ్యాను ఉరేసుకుంది కదయ్యా!” అన్నాడు యజమాని.

“ఆయన్నేం అనొద్దు సావుకారూ, పూజ మంచిదే. కట్టిన తావే సరిగా లేదు,” అన్నాను. దారం మెల్లగా విప్పి, ఎవరి కాలి కిందా పడకుండా కొంగున ముడేసుకున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్లాక తులసి మొదట్లో వేశాను.

మళ్లీ సర్వర్ వేసినప్పుడు మా ముగ్గురి కళ్లూ మూడో వరుస మీదే. కాసేపు సున్నా. తర్వాత అంకె లేచింది, పెరిగింది, మిగతా రెండింటి పక్కకు చేరి నిలబడింది. యజమాని దాన్ని కాటా తూకం చదివినట్టు గట్టిగా చదివాడు. ప్రాసెసర్ వేడి దిగడం మొదలైంది.

“నిజమే చెప్పిందే నీ సెన్సారు,” అని, గుమాస్తా వైపు తిరిగి, “లారీలు రానీ,” అన్నాడు. పెట్టె తీయించే మాట మళ్లీ ఎత్తలేదు. ఆ ఎండాకాలమంతా అది ఒక్కసారి కూడా ఆగలేదు. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ గర్వంలో అమ్మకూ నాన్నకూ వాటా ఉంది, ముఖం తెలియని ఆ మనిషికీ ఉంది.

తర్వాతి ఆయుధపూజకు నన్నూ పిలిచారు. గుమాస్తా చేతిలో పసుపు దారంతో సర్వర్ చుట్టూ తిరుగుతున్నాడు. “అక్కా, ఈతూరి యాడ కట్టల్ల?”

నేను నోరు తెరిచేలోపే యజమాని అందుకున్నాడు. “బల్ల కాలికి కట్టు. ఆ మూడో వరుసలో సున్నా పడిందో, నిన్ను కాటా ఎక్కిస్తా.”

హారతి కళ్లకద్దుకుని సర్వర్ వెనక్కి వెళ్లాను. అంకెలు తెర మీద ఉన్నాయి, సరిగ్గానే ఉన్నాయి. అయినా అరచెయ్యి తిప్పి, చెయ్యి వెనకవైపును మూడో ఫ్యాన్ గాలికి పెట్టి చూసుకున్నాను.