ఇంగ రోంత నెయ్యి

పోయిన నెలలో మా పిన్నమ్మ కన్నుమూసింది. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి, పిన్నమ్మ పోయిందక్కా అని ఏడ్చాడు. ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత వాడు ముక్కు చీదుకుని, "ఉగ్గాని తినే పోయిందిలే. బజ్జీ గూడ ఏసుకున్న్యాది" అన్నాడు. బయటివాళ్లకు ఇదేం మాట అనిపిస్తుందేమో గానీ, నాకు మాత్రం గుండె కొంచెం కుదుటపడింది. ఖాళీ కడుపుతో పోయిందని ఊర్లో ఒక్కరు కూడా అనడానికి వీల్లేదు. ఆ జాగ్రత్త ఆమె చివరిదాకా తీసుకుంది.

ఆమె మా నాయనకు రెండో భార్య. మా అమ్మ జ్వరంతో పోయినప్పుడు తమ్ముడికి ఇంకా లాగు గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. ఏడాది తిరక్కుండానే నాయన ఈమెను ఇంటికి తెచ్చాడు. నాయన నాపరాళ్ల లారీ నడిపేవాడు. ఇంట్లో ఉన్న రోజులకంటే బెంగళూరు దారిలో ఉన్న రోజులే ఎక్కువ. పిన్నమ్మ కాపురానికి వచ్చిన రోజే మా అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, ఒంటిమిట్ట పక్క పల్లె నుంచి బస్సులో వచ్చి దిగింది. సంతలో గొర్రెపిల్లల్ని చూసినట్టు మా ఇద్దరి జబ్బలూ పట్టి చూసి, మమ్మల్ని తన వెంట తీసుకుపోతానని అందరి ముందూ కొత్త కోడలిని బెదిరించింది.

"పిల్లోల్లు రోంత చిక్కినా పిల్చకపోతా. మల్ల ఈ గడప తొక్కనియ్యను."

ఆ మరుసటి రోజు నుంచే పిన్నమ్మ మాకు వీధి అరుగు మీద అన్నం పెట్టడం మొదలుపెట్టింది. మా సందు ఇరుకు. ఎదురింట్లో నాయనమ్మ వరస జేజి ఒకామె ఉండేది. పొద్దున మంచం వాకిట్లో వేసుకుని కూర్చుంటే మళ్లీ చీకటి పడ్డాకే లోపలికి పోయేది. వీధుల్లో సీసీ కెమెరాలు రాకముందు మాకు ఆ జేజి ఉండేది. ఎవరింట్లో ఏ కూర ఉడికిందో, ఎవరు ఎన్ని ముద్దలు తిన్నారో ఆమెకు తెలియకుండా పోయేది కాదు. అవ్వ వచ్చినప్పుడల్లా ముందు ఆమె మంచం మీద కూర్చుని వివరాలన్నీ విన్నాకే మా ఇంట్లోకి వచ్చేది. పిన్నమ్మ ఇది మొదటిరోజే కనిపెట్టింది. అందుకే మా కంచాలు సరిగ్గా ఆ మంచానికి ఎదురుగా పడేవి.

ఇంట్లో ఆమె మమ్మల్ని పూలల్లో పెట్టి చూసుకుందని రాస్తే ఆమె ఆత్మే నవ్వుతుంది. బాగా తిట్టేది. తలకు నూనె రాస్తే నూనెతోపాటు మొట్టికాయలు కూడా పడేవి. మెతుకు కింద పడితే తోలు తీస్తానని లోపల అన్న నోరే, గడప దాటగానే నాయనా, బంగారూ అనేది. ఎండాకాలం అరుగు బండ కాలిపోతుంటే తడి గోనెసంచి పరిచేది. వాన పడితే అదే గోనెసంచి మా నెత్తిమీద కప్పేది. మా కడప వైపు వానలు తక్కువ గనక బతికిపోయాం.

లోపలే తింటామని ఒకసారి నేను మొరాయించాను. మిరపకాయలు నూరుతున్న పిన్నమ్మ తలెత్తకుండానే చెప్పింది. "నాకు తలుపేసి పెట్టేటోల్లు. ఎంత పెట్నారో ఎవురికీ తెల్దు." ఆమె కూడా సవతి తల్లి చేతికింద పెరిగిందని మాకు అప్పుడే తెలిసింది. అంతకుమించి ఆమె చెప్పలేదు. ఆ తర్వాత నేను కూడా మొరాయించలేదు.

ఇంతలో కరువు వచ్చింది. చెనిక్కాయ పంట వరసగా పోయింది. బోరు ఎండిపోయింది. పాలిచ్చే ఎనుమును మేపలేక అమ్మేశాం. లారీకి లోడ్లు లేక నాయన దిగులుగా తిరిగేవాడు. ఇంట్లో నెయ్యి అయిపోయింది గానీ నెయ్యి గిన్నె మాత్రం వేళ తప్పకుండా అరుగు మీదికి వచ్చేది. పిన్నమ్మ సంగటి ముద్దలో వేలితో గుంట చేసి, ఖాళీ గిన్నె వంచి, స్పూనుతో టకటకా కొట్టి, వీధి చివరికి వినబడేలా "ఇంగ రోంత నెయ్యి ఏసుకో నాయనా" అనేది. మేము కంచానికి చెయ్యి అడ్డం పెట్టి "సాలు పిన్నమ్మా, సాలు" అనాలి. ఇదంతా లోపల ముందే నేర్పించేది. నా నటనకు మంచి పేరే ఉండేది. తమ్ముడే కొంచెం మొద్దు. ఒకరోజు గిన్నెలోకి తొంగిచూసి "యాడుండాది?" అనేశాడు. పిన్నమ్మ కొంచెం కూడా తొణకలేదు. "కరిగిపోయింది నాయనా, ఎండ గదా" అంది. లోపలికి వచ్చాక వాడి నెత్తి బొప్పి కట్టింది.

ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు ఆమెకు అది నవ్వులాట కాదు. రోడ్డు మీద మధ్యాహ్నం బస్సు హారన్ వినబడితే చేతిలో గరిటె ఆగిపోయేది. అవ్వ దిగిందేమో, మమ్మల్ని తీసుకుపోతుందేమో అని ఆమె భయం. తిట్టినా కొట్టినా మేము తన పిల్లలమైపోయాం. ఆ మాట ఆమె ఎన్నడూ నోటితో చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం హారన్ లేకుండానే అవ్వ వచ్చింది. ఎవరి ఆటోలో వచ్చిందో ఏమో, సరిగ్గా పిన్నమ్మ గిన్నె వంచిన క్షణంలో మా ముందు నిలబడింది. మా ఇద్దరి మధ్యా కూర్చుని "ఇట్ల తే" అని గిన్నె లాక్కుంది. లోపలికి చూసింది. నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. పిన్నమ్మ గుమ్మం దార్వందం పట్టుకుని నిలబడింది. ఎదురింటి జేజి మంచం మీంచి ముందుకు వంగింది.

అవ్వ తలెత్తి పిన్నమ్మను చూసింది. ఆమెను సరిగ్గా చూడడం అదే మొదటిసారి అనుకుంటాను. మా జబ్బలు ఎన్నోసార్లు పట్టి చూసింది గానీ ఆమె చేతుల వైపు ఎన్నడూ చూడలేదు. ఆ చేతికి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. ఆ కరువులో మా ఇంట్లో చిక్కింది ఆమె ఒక్కతే. అవ్వ ఆ గాజులనూ, గిన్నెనూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆ ఖాళీ గిన్నెను నా కంచం మీద ఎత్తి వంచి, సందంతా వినబడేలా అంది.

"ఏమ్మే, పిల్లోల్లకు ఇంత నెయ్యా? అరగద్దా?"

ఆ రోజు సాయంత్రం దాకా ఇద్దరూ పొయ్యి దగ్గరే కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా అవ్వ కొంగు చాటున నెయ్యి డబ్బా పట్టుకుని, జేజి కళ్లలో పడకుండా పెరటి గుమ్మం నుంచి వచ్చేది. జబ్బలు పట్టి చూడడం మాత్రం మానలేదు. చూడాల్సిన జబ్బలు మూడు జతలయ్యాయి, అంతే. పిల్చకపోతా అన్న మాట మళ్లీ ఆమె నోట రాలేదు.

మమ్మల్నిద్దరినీ ఈ అరుగే తయారుచేసింది. తమ్ముడు తుమ్మలపల్లె గనిలో పనిచేస్తున్నాడు. మధ్యాహ్నం భోజనాల్లో గరిటె తన దగ్గరికి రాకముందే చెయ్యి అడ్డం పెట్టి సాలు సాలు అని అరుస్తాడట. వాడికి షుగరని తోటివాళ్ల నమ్మకం. నేను కర్నూలు పక్క కల్లూరులో కాపురానికి వచ్చిన కొత్తలో, అత్త అన్నం పెట్టివ్వగానే అలవాటుగా కంచం పట్టుకుపోయి వీధి మెట్టు మీద కూర్చున్నాను. ఆటోలు ఆపి మరీ చూశారు. కొత్త కోడలికి ఇంట్లో చోటు లేదనుకోరా అని అత్త లబోదిబోమంది. ఏ పరువు కోసం పిన్నమ్మ నన్ను వీధిలో కూర్చోబెట్టిందో, ఆ పరువే ఇక్కడ వీధిన పడింది. కబురందుకుని పిన్నమ్మ బస్సెక్కి వచ్చింది. అంతా విని మా అత్తతో, "తలుపు తీసి పెట్టు వదినా. లోపల్నే తింటాది" అంది. అప్పటి నుంచి భోజనాల వేళ మా ఇంటి తలుపు బార్లా తెరిచే ఉంటుంది. వీధి కుక్కలకు కూడా మా టైము తెలుసు. ఎగ్జిబిషన్‌లో కూర్చుని తిన్నట్టుందని మా ఆయన గొణుగుతాడు. ఒకసారి ఆయన కోసం తలుపు మూసి చూశాను, ముద్ద దిగలేదు.

ఆమెను మేము అమ్మా అని ఎన్నడూ పిలవలేదు, ఆమె పిలవనివ్వలేదు. మీ అమ్మ పటంలో ఉండాది, నేను పిన్నమ్మను అనేది. ఆ ఉద్యోగంలోనే మంచి పేరు తెచ్చుకోవాలని ఆమె పట్టుదల. అమ్మ ముఖం నాకు ఆ పటం వల్లే గుర్తుంది. కానీ ఆకలేస్తే మాత్రం ఈ రోజుకీ నాకు వినబడేది పిన్నమ్మ గొంతే.

పిన్నమ్మ పెద్దదినం నాడు చుట్టాలంతా షామియానా కింద బల్లల ముందు కూర్చున్నారు. నేనూ తమ్ముడూ ఒకరికొకరు చెప్పుకోకుండానే కంచాలు పట్టుకుని అరుగు మీదికి వచ్చాం. నాకు మోకాళ్లు వంగవు, వాడికి పొట్ట అడ్డం. మా పిల్లలు నవ్వుతూ ఫోన్లలో ఫోటోలు తీశారు. అదే గిన్నె, ఈసారి నిండా నెయ్యి ఉంది. నేను అన్నంలో వేలితో గుంట చేశాను. తమ్ముడు గిన్నె వంచాడు. నా చెయ్యి దానంతటదే అడ్డం పోయింది, "సాలు" అని పెద్దగా అనేశాను.

అన్నాక ఇద్దరం ఆగిపోయాం. ఆ మాటకు ముందు మాట అనాల్సిన మనిషి లేదు.

ఎదురింటి జేజి తొంభై దాటి ఇంకా ఉంది. ఇప్పుడు చూపు దాదాపు లేదు. మంచం మీద మా గొంతు వినబడిన వైపు ముఖం తిప్పి, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని, సందంతా వినబడేలా అంది.

"ఇంగ రోంత ఏసుకో నాయనా."

తమ్ముడు మళ్లీ గిన్నె వంచాడు. ఈసారి నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.