రేపు వలలు కుట్టుకోండి

విజయనగరంలో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ తలుపు మీద చాలా ఏళ్ళపాటు ఒక అట్టముక్క వేలాడేది. "తాళం వేసిన సాఫ్ట్‌వేర్ ఈ గడప దాటి రాకూడదు" అని దాని మీద నా చేతిరాత. తనిఖీ వాళ్ళు వచ్చినప్పుడల్లా ప్రిన్సిపాల్ గారు దాన్ని తీయించేవారు. వాళ్ళ కారు గేటు దాటగానే నేను మళ్ళీ తగిలించేవాణ్ణి. నాకు కోపం ఎక్కువ, పట్టుదల ఇంకా ఎక్కువ. తెలివి సంగతి ఇది చదివాక మీరే చెప్పాలి.

తాళం అని ఎందుకన్నానంటే, కొన్ని కంపెనీలు ప్రోగ్రాం అమ్ముతాయి గానీ దాని లోపలి రాత ఎవరికీ చూపించవు. మా దారి వేరు. రాసింది నలుగురి ముందూ పెట్టేస్తాం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అంతే. తాళాల కంపెనీల్లో బాగా పెద్దది ఒకటుంది. మా పనిని చాలాకాలం పిల్లలాట కింద తీసిపారేసింది. నేను దాన్ని క్లాసులో తిట్టని వారం లేదు.

అలాంటి కంపెనీ, క్లౌడ్ రోజులు వచ్చాక, ఓపెన్ సోర్స్ అంటే మాకు ప్రాణం అనడం మొదలుపెట్టింది. తన ప్రోగ్రాంలు కొన్ని తనే తెరిచి పెట్టింది. మా వాళ్ళు రాసినవాటిని బాగుచేయడానికి తన ఇంజనీర్లకే జీతాలిచ్చి కూర్చోబెట్టింది. కారణం తెలియక కాదు. క్లౌడ్ అంటే మన ప్రోగ్రాంని వాళ్ళ యంత్రాల మీద నడిపించుకోవడం. యంత్రాలు తమవైతే చాలు, వాటి మీద నడిచే ప్రోగ్రాం ఎవరిదైనా వాళ్ళకి ఒకటే. ఇది నా బుర్రకి ఎక్కింది గానీ మనసుకి ఎక్కలేదు. ఇరవై ఏళ్ళు మొహం చాటేసిన దాయాది ఒకరోజు పొద్దున్నే వాకిట్లోకొచ్చి "ఏం తమ్ముడూ, టీ తాగావా" అని అడిగినట్టుంది. తిట్టాలా, కుర్చీ వెయ్యాలా?

ఆ దాయాది నిజంగానే మా వాకిట్లోకి వచ్చాడు. మా అమ్మ గొంతు కోసం వచ్చాడు.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. చదువుకుని నేను చేపల వేటలోంచి బయటపడ్డాను గానీ ఊరు ఇంకా వేట మీదే బతుకుతోంది. అక్కడి వాళ్ళ కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ప్రభుత్వం ఇచ్చే గాలి, అలల సూచనని తీసుకుని, రోజూ సాయంత్రం ఐదింటికి పడవల వాళ్ళందరికీ ఫోన్ చేసి చెబుతుంది. మొదట్లో దానికి కంప్యూటర్ గొంతు పెట్టాను. "ఈదురుగాలులు వీచే అవకాశం కలదు" అని చదివేది. సగం మంది మధ్యలోనే పెట్టేసేవారు. "ఒరే, ఎవుడ్రా ఈడు? కోర్టు కాయితం సదువుతన్నాడు" అన్నాడు మా వీధి బావ ఒకడు.

అప్పుడు అమ్మని అడిగాను. అమ్మ నలభై ఏళ్ళుగా చేపలమ్ముతోంది. ఆవిడ కేకేస్తే ఒడ్డుకి ఆ చివరున్న పడవలో కూడా తల తిప్పుతారు. ఆదివారాలు వంటగదిలో, బయటి చప్పుడు పడకుండా దుప్పటి కప్పుకుని, తల్లీకొడుకులం చెమటలు కక్కుకుంటూ, ఒక్కొక్క మాటే రికార్డు చేశాం. గాలి నెమ్మదిగా ఉన్నాది. గాలి ఎక్కువగా ఉంటాది. అల లెగుస్తాది. అన్నీ చెప్పింది. "వేటకి వెళ్ళొద్దు" అనమంటే మాత్రం ఆగిపోయింది.

"ఆ మాట నాను సెప్పను."

మా తీరంలో సముద్రం మీదకి వెళ్ళేవాడితో వెళ్ళొద్దు అనరు. అది అపశకునం. చెప్పక తప్పనప్పుడు "రేపు వలలు కుట్టుకోండి" అంటారు. వల కుట్టుకునే పని ఒడ్డునే కదా, విన్నవాడికి అర్థమైపోతుంది. నాకు చిరాకేసింది. ప్రాణాల విషయంలో ఈ చాదస్తం ఏమిటని వాదించాను. అమ్మ దుప్పటి తీసేసి పొయ్యి దగ్గరకి వెళ్ళిపోయింది. చివరికి ఆవిడ చెప్పిన మాటే రికార్డు చేశాను. జనం విన్నారు. "మీయమ్మ వలలు కుట్టుకోమంది, ఇంక ఎల్లేదేటి" అనుకుంటూ ఒడ్డునే ఉండిపోయేవారు.

ప్రోగ్రాంతో పాటు అమ్మ రికార్డులు కూడా ఇంటర్నెట్‌లో అందరి కోసం పెట్టేశాను. కింద, ఎప్పుడూ రాసే లైసెన్సే రాశాను: ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఒక నిమిషం పని. మళ్ళీ గర్వం కూడాను.

ఇదంతా మా ల్యాబ్ మూలనున్న ఒక పాత కంప్యూటర్ మీద నడిచేది. పోయినేడు కాలేజీ వాళ్ళు పాత సామానంతా తీసేసి అన్నీ క్లౌడ్ మీదకి మార్చాలనుకున్నారు. నెలాఖరుకి ఆ కంప్యూటర్ కూడా పోతుంది. ముందున్నవి తుఫాను నెలలు. అది ఆగిపోతే మా ఊరి పడవలకి సాయంత్రం ఫోన్ రాదు. నాకు దిక్కు తోచలేదు.

సరిగ్గా అప్పుడే నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడి కూతురు. నేను సెలవులో ఉంటే నా అట్టముక్కని తనే తగిలించేది. ఇప్పుడు హైదరాబాదులో, అదే పెద్ద కంపెనీలో పనిచేస్తోంది.

"సార్, మీ ప్రోగ్రాం మా క్లౌడ్ మీద పెట్టీద్దాం. ఇలాంటి పనులకి ఊరికే ఇస్తారు. మా వాళ్ళు సాయం కూడా సేస్తారు."

"మీ క్లౌడా? అట్టముక్క మర్చిపోయావా అమ్మా?"

"మర్చిపోలేదు సార్. అలాంటిదే రాసి ఇక్కడ నా టేబుల్ మీద ఎట్టుకున్నాను. మా మేనేజరు బాగుందని ఫొటో తీసుకున్నాడు."

తిడితే ఉడుక్కునే శత్రువుతో ఎలా పోట్లాడాలో తెలుసు. తిట్టుని ఫొటో తీసుకునేవాడితో ఏం చేస్తాం?

ఆ ఆదివారం ఊరెళ్ళాను. అమ్మ వాకిట్లో చేపలు ఆరబెడుతోంది. సంగతంతా చెప్పాను. "మబ్బులో ఎడతావా? మబ్బుని నమ్ముకుని ఎవుడు బాగుపడ్డాడ్రా" అని నవ్వింది. క్లౌడ్ అంటే ఆ మబ్బు కాదమ్మా అని వివరించబోయాను గానీ నాకే అంతంతమాత్రంగా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా వాళ్ళని తిట్టాననీ, ఇప్పుడు వాళ్ళే చెయ్యి కలుపుతామంటున్నారనీ, నమ్మాలో లేదో తెలియడం లేదనీ చెప్పాను.

అమ్మ ఒడ్డు వైపు చూసింది. అక్కడ పెద్ద వల లాగుతున్నారు. ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో వెళ్ళి సముద్రంలో చుట్టూ వేసి, రెండో కొస ఒడ్డుకి తెచ్చి, రెండు వైపులా జనం తాళ్ళు లాగే వల అది. దారిన పోయేవాడు ఆగి తాడు పట్టుకున్నా వాడికీ నాలుగు చేపలు ఇస్తారు. ఎవడివి, ఏ ఊరు అని అడగరు.

"తాడు అట్టుకుంటానన్నోడిని ఒద్దంటామేటి? అట్టుకోనీ. నిన్న తిట్టినోడైతే ఏటి? కానీ ఒకటి ఇనుకో. సంచి ఇప్పినకాడ మాత్రం మనం ఉండాల" అంది.

వల చివర చేపలు పడే సంచిని ఒడ్డున విప్పేటప్పుడు వలగలవాళ్ళు పక్కనే ఉండి తీరాలి. ఇదీ మా ఊరి పద్ధతే. నేను మొదటి మాట చెవికెక్కించుకున్నాను. రెండోది గాలికి వదిలేశాను.

ప్రోగ్రాం క్లౌడ్ మీదకి వెళ్ళింది. నిజం చెప్పాలంటే వాళ్ళు చేసిన పని చూసి సిగ్గేసింది. ఒకేసారి అందరికీ ఫోన్లు వెళ్ళక మూడేళ్ళుగా నేను తంటాలు పడుతుంటే, నాకు మొహం కూడా తెలియని వాళ్ళు ఒక్క పూటలో సరిచేసిచ్చారు. సంతోషపడాలో ఏడవాలో అర్థం కాలేదు. పైగా ప్రతి మార్పుకీ ముందు "మీరు ఒప్పుకుంటే" అని మర్యాదగా అడిగేవారు. నేను మెత్తబడిపోయాను. ల్యాబ్ తలుపు మీది అట్టముక్కని నేనే తీసి, పారేయలేక, సొరుగులో పెట్టుకున్నాను.

తర్వాత అమ్మ రికార్డులతో కంప్యూటర్‌కి ఆవిడ గొంతు నేర్పించారు. ఇంక కొత్త వాక్యం ఏది రాసినా అమ్మే చెప్పినట్టు పలుకుతుంది. వాళ్ళలో ఒక తెలుగు ఇంజనీరు చిన్న మార్పు పంపి, "సందేశం స్పష్టంగా ఉండడానికి" అని రాశాడు. కోడ్ చదివాను. నేను రాసినదానికంటే శుభ్రంగా ఉంది. ఒప్పుకున్నాను. కోడ్ చదివాను గానీ, అందులో మారిన వాక్యాన్ని పట్టించుకోలేదు, అది పలికేది ఒక్కసారి కూడా పెట్టుకుని వినలేదు. జీవితంలో చాలా పొరపాట్లు చేశాను, ఇంత సులువుగా చేసింది మాత్రం ఇదొక్కటే.

నాలుగు రోజులకి గాలి లేచింది. సాయంత్రం ఐదింటికి ఊరంతా ఫోన్లు మోగాయి. ఐదూ పదికి బావ నాకు చేశాడు.

"ఒరే, మీయమ్మ సేత ఆ మాట అనిపించినావేట్రా? ఏటకి ఎల్లొద్దని సెప్పింది! ఒడ్డంతా గోలగా ఉన్నాది. అత్తని అడిగితే మాటాడదు."

అమ్మకి చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఎంత పనిలో ఉన్నా "ఏట్రా" అని ఎత్తే మనిషి. నాకు భయం పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. దారి పొడుగునా ఆ కంపెనీకి మనసులో ఉత్తరం రాస్తూనే ఉన్నాను. ఎంత పెద్దవాళ్ళైతే మాత్రం ఒక మనిషి గొంతుతో ఆవిడ అనని మాట అనిపిస్తారా? చీపురుపల్లిలో రైలు ఆగినప్పుడు, ఎవరిని తిట్టాలో పేరు చూసుకుందామని ఫోన్ తీశాను. ఆ మార్పు కింద, ఒప్పుకున్నవాడి స్థానంలో నా పేరుంది. ఇంకా కిందకి వెళితే నా లైసెన్సు ఉంది. ఎవరైనా. ఏ పనికైనా. ఉత్తరం అక్కడితో ఆగిపోయింది. వాళ్ళు నేను రాసిచ్చినదే చేశారు. పైగా నన్ను అడిగి చేశారు. మరి ఈ కోపాన్ని ఎక్కడ దించుకోవాలి?

అమ్మ వాకిట్లోనే ఉంది. ముందు రోజు చేపల్ని తిరగేస్తోంది. పక్కన కూర్చున్నాను. నేనూ ఒక్కొక్కటీ తిరగేస్తుంటే తనే మొదలుపెట్టింది.

"మీ మావ గుర్తున్నాడేట్రా?"

అమ్మ తమ్ముడు. నా చిన్నప్పుడు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని అలల దాకా తీసుకెళ్ళడం ఒక్కటే నాకు గుర్తు.

"ఆ పొద్దు నానే ఒద్దన్నాను. ఎల్లొద్దురా తమ్ముడూ అన్నాను. నవ్వీసి ఎల్లిపోనాడు. అప్పుటి నుంచీ ఆ మాట నా నోటంట రానీలేదు. నిన్న నా నోరే ఆ మాటంటే, నాకే ఇనపడింది."

చాదస్తం అని ఆవిడతో వాదించిన ఆదివారం గుర్తొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా అలవాటు చొప్పున నోరు "ఆ కంపెనీ వాళ్ళు" అని మొదలుపెట్టింది. ఆపేశాను.

"వాళ్ళది కాదమ్మా తప్పు. నీ గొంతు ఎవరైనా తీసుకోవచ్చు, ఎలాగైనా మార్చుకోవచ్చని నేనే రాసిచ్చాను."

అమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

"నన్నడిగినావేట్రా?"

అడగలేదు. ల్యాబ్‌లో ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకి గొంతు చించుకుని చెప్పానో: ఒకరి పనిని వాళ్ళని అడగకుండా బంధించకూడదు అని. అడగకుండా పంచిపెట్టకూడదని మాత్రం నాకే తట్టలేదు. పంచడం మంచిదే కదా, మంచిదాన్ని అడిగి చేస్తామా అనుకున్నాను కాబోలు. ఇప్పటికీ ఈ ముడి నాకు పూర్తిగా విడలేదు.

అమ్మ చేపని ఎండలోకి తిప్పి వేసింది. చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంది.

"సరే. ఇప్పుడడుగు."

"అమ్మా, నీ గొంతు ఇస్తావా?"

కాస్త ఆలోచించింది. "గాలి సంగతి సెప్పుకోమను. ఏ ఊరోడికైనా సెప్పుకోమను. ఆ ఒక్క మాటా నా సేత అనిపించొద్దను."

గడప మీద కూర్చుని పాత వాక్యాన్ని తిరిగి పెట్టాను. లైసెన్సు పైన అమ్మ చెప్పింది అమ్మ మాటల్లోనే రాశాను. అది ఎవరినీ కట్టేయదు. ఇప్పటికే కాపీ తీసుకున్నవాళ్ళు ఎక్కడెక్కడున్నారో, ఆవిడ చేత ఏమేం అనిపిస్తారో నాకు తెలియదు. మధ్యాహ్నానికి ఆ ఇంజనీరు మార్పుని ఒప్పుకుని, కింద తెలుగులో "క్షమించండి అమ్మగారూ" అని రాశాడు. అమ్మకి చదివి వినిపించాను.

"ఎవులాడు?"

"ఆ కంపెనీ ఇంజనీరమ్మా."

"మనోడేనా?"

"తెల్దమ్మా."

నిజంగానే తెలియదు. ఇరవై ఏళ్ళ కిందట అడిగి ఉంటే క్షణంలో చెప్పేవాణ్ణి.

గాలి ఇంకా తగ్గలేదు. సాయంత్రం ఐదింటికి అమ్మ ఫోన్ మోగింది. ఈసారి సంచి విప్పిన చోట నేనూ ఉన్నాను, చెవి ఒగ్గి విన్నాను. "రేపు గాలి ఎక్కువగా ఉంటాది. రేపు వలలు కుట్టుకోండి" అంది అమ్మ గొంతు. అమ్మ ఫోన్ వైపు చూసి, ఎవరో పెద్దమనిషికి బదులిస్తున్నట్టు, "ఊఁ, అలాగే" అంది.