పైపు మీద అరచెయ్యి

పాలమూరు నుంచి వచ్చిన ఆ పంపు మేస్త్రీ ఒత్తిడి చూపే గేజీ చూసేవాడు కాదు. పైపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. తొంభైల్లో, నోయిడాలో మేం కట్టే భవనం కింద నేల వదులుగా ఉంటే, బోరుల్లోకి సిమెంటు పాలు ఎక్కించి గట్టిపరిచేవాళ్లం. దాన్నే గ్రౌటింగ్ అంటారు.

ఒక మధ్యాహ్నం గేజీ ముల్లు పైకి లేచింది. నేల నిండిందనుకుని, "ఆపెయ్, తర్వాతి బోరుకెళ్దాం," అన్నాను.

"వద్దు సారూ. ఎండకు పైపులనే సిమెంటు గడ్డకట్టింది. భూమి ఇంకా తాగలే."

"ఇంజనీరువి నువ్వా, నేనా?"

ఆయన పంపు ఆపాడు. రిజిస్టర్లో 'నిండింది' అని నేను రాశాను.

గోడలు లేచాక, మొదటి వానలకే ఆ బోరున్న మూల కుంగి పగులిచ్చింది. పంపు ఎవరు ఆపారని పెద్ద ఇంజనీరు అడిగాడు. మేస్త్రీ నావైపు తిరిగి చేతులు జోడించాడు.

"జర చెప్పుండ్రి సారూ! ఈ మాట పడ్డంక నన్ను ఏ సైటుల పెట్టుకోరు. మీ కాళ్లు మొక్కుత, చెప్పుండ్రి!"

"ఈయనే ఆపాడు," అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే అందరూ నమ్మారు.

వెళ్లిపోతూ ఆయన పక్క బ్లాకులో నడుస్తున్న పంపు దగ్గర ఆగి, పైపు మీద అరచెయ్యి వేశాడు. "మంచిగ తాగుతున్నది. ఎవరు చెప్పినా ఆపకు," అని అక్కడి కొత్త మేస్త్రీకి చెప్పి గేటు దాటాడు.

ఆ మధ్యాహ్నం ఆపమన్నది నేను.