పురుగు చూపిన వరుస

ఎర్సీలియా గాందిన్ మా పాదువా ఊరి మ్యూజియంలో నలభై ఏళ్లు పాత చిత్రాల కాగితాలు బాగుచేసింది. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చేది. ఇంటికెళితే పలకరించే దిక్కు లేదు మరి. తుల్లియో అనే కాపలావాణ్ణి నేనూ, మూడున్నర వందల ఏళ్ల కిందట పోయిన వెర్దియాని ఫాదరూ, మేమిద్దరమే ఆవిడ చుట్టాలం.

ఆ ఫాదరు పేరున్న చిత్రకారులు గీసిన బొమ్మలన్నీ పోగేసి ఒక పెద్ద ఆల్బంలో అంటించాడు. ఏది ఎవరి చేతిదో, తనకెలా వచ్చిందో బొమ్మ వెనకున్న ఆల్బం కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత ఎవరో మహానుభావులు ఆల్బం విప్పి అంతా కలగాపులగం చేశారు. తను పోయేలోగా ఆ పాత వరుస నిలబెట్టాలని ఎర్సీలియా పంతం.

దారి చూపింది పురుగు. అట్టలోంచి తొలుచుకుంటూ పోయిన పురుగు రంధ్రం కాగితం కాగితానికీ కాస్త చిన్నదవుతుంది. రంధ్రం మీద రంధ్రం పెట్టి చూస్తూ, ఆరేళ్లలో నూట నలభై చిత్రాలను వరుసలో పెట్టింది. పన్నెండు మాత్రం లొంగలేదు. వాటి వెనక ఫాదరు రాత లేదు. రంధ్రాలను అంచులు కోసి మరీ పూడ్చేశారు.

"ఏం పనితనమయ్యా తుల్లియో! చెయ్యి తిరిగిన మనిషే. కానీ నా కొంప ముంచాడు, దొంగవెధవ!"

"పాత పని పుస్తకాలు తీయండి, ఎవడో తెలుస్తుంది," అన్నాను. నేను నోరు మూసుకోవలసింది.

1979 పుస్తకంలో దొరికింది. ఆవిడ చదివి, పుస్తకం నావైపు తోసింది. "నువ్వు చదువు. నా కళ్లు సరిగ్గా లేవేమో."

‘పన్నెండు చిత్రాలు. వెనక కాగితాలు ఊడదీసి పారేశాను. రంధ్రాలు కనబడకుండా పూడ్చాను. ఎర్సీలియా గాందిన్.’ పక్కన ఎర్ర సిరాతో పై అధికారి రాసిన ‘శభాష్’.

"అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్లు కదండీ," అన్నాను.

"ఆ శభాష్‌కి నెల్లాళ్లు నా కాళ్లు నేల మీద ఆనలేదయ్యా."

మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న మొక్కజొన్న పొలెంటా డబ్బా మూత కూడా తీయకుండా వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ చిత్రాల వరుసతో మ్యూజియం వేసే పుస్తకం అచ్చుకు వెళ్లేటప్పుడు డైరెక్టరు, "ఈ పన్నెండింటి ఆనవాళ్లు పూర్వపు మరమ్మతుల్లో పోయాయని రాద్దాం, చాలు," అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ పన్నెండు చిత్రాల కింద ఇలా ఉంది: ‘వీటి వరుస తెలియదు. చెరిపేసింది ఎర్సీలియా గాందిన్.’

నలభై ఆరేళ్ల పనిలో ఆవిడ పేరు అచ్చులో పడింది అక్కడొక్కచోటే.